కొంచెం ఆపక్కా!

పోయిన నెల మా పాప బడిలో తల్లిదండ్రుల మీటింగుకి వెళ్ళాను. పాప నాలుగో తరగతి, ఇక్కడే ఖమ్మంలో. నల్లబల్ల ఉండాల్సిన చోట గోడంత టీవీలాంటి బోర్డు పెట్టారు. టీచరమ్మ వేలితో అలా తాకగానే గుండె బొమ్మ వచ్చింది. అది లబ్‌డబ్‌మని కొట్టుకుంటుంటే ఎర్ర రక్తం ఒక పక్క, నీలం రంగుది ఇంకో పక్క పరుగులు పెట్టింది. తల్లులందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. మేం చదివే రోజుల్లో మా సైన్సు సారు ఆ గుండె బొమ్మ వెయ్యడానికి రెండు సుద్దముక్కలు విరగ్గొట్టేవారు. అంతా అయ్యాక అది గుండెలా కాక వంకాయలా ఉండేది.

నా పక్కన కూర్చున్నావిడ సంబరపడిపోతూ, "ఇంకేముందండీ, టీచరు ఎవరైతే ఏంటి, అన్నీ బోర్డే చెప్పేస్తుంది" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చి కుక్కరు పెడుతున్నా, పాప జడ వేస్తున్నా ఆ మాట వదల్లేదు. ఎందుకంటే అచ్చం అలాంటి మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇవాళ రాస్తాను.

2020 నాటికి మేం భద్రాచలం దాటి చర్ల వెళ్ళే రోడ్డు మీద, దుమ్ముగూడెం మండలంలో ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారికి వ్యవసాయ శాఖలో ఉద్యోగం. రోడ్డుకి ఒక పక్క గోదావరి వైపు మిరప చేలు, పత్తి చేలు. ఇంకో పక్క అడవి. అటు రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక కోయగూడెం. ఆ గూడెం ఆడవాళ్ళు వేసవిలో ఇప్పపూలు, తునికాకు ఏరుకునేవారు. వానలు వెనకబట్టాక సీతాఫలాలు గంపల్లో తెచ్చి రోడ్డు మీద అమ్మేవారు.

మార్చిలో బడులు మూసేశారు గదా. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతికి వచ్చాడు. ప్రైవేటు బడి కాబట్టి ఫోన్లో క్లాసులు మొదలైపోయాయి. సర్కారు బడి పిల్లలకి మాత్రం సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు చెప్పారు. టీ-శాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఏ తరగతికి ఏ వేళో ముందే చెప్పేవారు. మా ఊరి బడి సారు ఇల్లిల్లూ తిరిగి, టీవీ ఉన్నవాళ్ళని "మీ అరుగు మీద నలుగురు పిల్లల్ని కూర్చోనివ్వండమ్మా" అని అడిగారు. నేను సరేనన్నాను. బి.ఏ. తెలుగు చదివి పద్దెనిమిదేళ్ళుగా పప్పు, చారు తప్ప ఏమీ బోధించని దాన్ని. ఇల్లు బడి అవుతుందంటే లోపల ఎక్కడో సంతోషమేసింది.

అలా వచ్చిన వాళ్ళలో ఒక పిల్ల ఉండేది. ఆరో తరగతి. మొదటి రోజు ఉత్త చేతులతో రాలేక ఒడిలో నాలుగు సీతాఫలాలు పెట్టుకొచ్చింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆమె పేరు సీతాఫలాల పిల్లే అయిపోయింది. వెనకాలే తమ్ముడు. వాడు రెండో తరగతి. మూడు నుంచి పదిలోపు కాదు గనక వాడికి టీవీలో పాఠం లేదు. అక్కని వదిలి ఉండలేక వచ్చి, గుమ్మం పక్కన కూర్చుని మా కోడిపిల్లల్ని చూస్తుండేవాడు.

టీవీలో టీచర్లు నిజంగా బాగా చెప్పేవారు. చక్కటి బొమ్మలు, స్పష్టమైన ఉచ్చారణ. ఒకరోజు మా అత్తయ్యతో నేనే అన్నాను, "చూశారా అత్తయ్యా, హైదరాబాద్ సార్లు అడవి దాకా వచ్చారు. ఇక ఈ పిల్లలకి లోటేంటి?" అని. సీతాఫలాల పిల్ల అరగంటా కదలకుండా చూసేది. బుద్ధిమంతురాలు అనుకున్నాను.

వారం పోయాక తెలుగు పాఠం అయ్యాక అడిగాను, "ఏం అర్థమైందే?" అని. తల దించుకుంది. మళ్ళీ అడిగితే, "అది ఆగదు కదక్కా" అంది.

అంతే అంది. నాకు చప్పున వెలగలేదు. కాసేపయ్యాక తెలిసింది. ఒక మాట అర్థం కాక ఆ పిల్ల అక్కడ ఆగిపోయేది. టీవీ ఆగేది కాదు. ఆమె మొదటి మాట దగ్గర ఉండగానే పాఠం పదో మాటకి వెళ్ళిపోయేది. ఆ తరవాత కూర్చున్నదంతా మర్యాదకే. మనం పెళ్ళిళ్ళలో అర్థం కాని ఉపన్యాసం వింటామే, అలాగన్న మాట.

మర్నాటి నుంచి టీవీ కట్టేసి అవే పాఠాలు నా ఫోన్లో యూట్యూబ్‌లో పెట్టాను. తెర చిన్నదే గానీ దాన్ని ఆపొచ్చు. మొదట్లో మొహమాటపడింది. తరవాత నోరు విప్పింది. "కొంచెం ఆపక్కా!" రోజుకి ఇరవైసార్లు అనేది. ఆపినప్పుడల్లా నేను ఆ మాట చెప్పేదాన్ని, తను పక్కవాళ్ళకి కోయలో చెప్పేది. అరగంట పాఠం గంటన్నర పట్టేది. ఒకసారి పుస్తకంలో క్యూఆర్ కోడ్ చూపించి "ఈ ముగ్గేంటక్కా?" అని అడిగింది. దీక్ష యాప్‌లో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుందని చేసి చూపించబోయాను. సిగ్నలు లేక చక్రం అలా తిరుగుతూనే ఉంది. "మీ ముగ్గు నిద్దరోయింది" అని నవ్వింది.

ఆ రోజుల్లోనే తెలుగు బి.ఏ. చదివిన నాకు ఒక గట్టి పాఠం దొరికింది. ఊరికే కూర్చున్నాడు కదా అని తమ్ముడికి అక్షరాలు దిద్దించబోయాను. వాచకంలో ఇల్లు బొమ్మ, పక్కన "ఇ". "ఇదేంటి రా?" అన్నాను. "లోను" అన్నాడు. "కాదు, సరిగ్గా చూడు" అన్నాను. బొమ్మని ఇంకా దగ్గరగా చూసి మళ్ళీ "లోను" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడి మొహం చిన్నబోయింది. అప్పుడు వాళ్ళక్క మెల్లిగా చెప్పింది, "లోను అంటే ఇల్లే అక్కా, మా మాటల."

వాడు తప్పు చెప్పలేదు. ఇంటిని చూసి ఇల్లనే అన్నాడు. తప్పన్నది నేను. అలాగే ఏరు అంటే మనకి వాగు, వాళ్ళకి కుండలో ఉన్న మంచినీళ్ళు కూడా ఏరే. అంత దగ్గర భాష, అయినా పిల్లవాడికి మధ్యలో అంత పెద్ద వాగు.

ఇదేదో నేనే కనిపెట్టాననుకున్నాను గానీ, ఇది తెలిసినవాళ్ళు అంతకుముందే ఉన్నారని తరవాత తెలిసింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, సవర లాంటి 8 భాషల్లో గిరిజన పిల్లలకి చిన్న తరగతుల పుస్తకాలు మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే, కానీ ఇంటి మాటలతో. ముందు ఇంటి మాట చదవడం, తరవాత మెల్లగా తెలుగులోకి రావడం. ఎంత మంచి ఆలోచనో!

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

డిసెంబరు ఆఖరులో మా అబ్బాయికి ఆన్‌లైన్ పరీక్షలు వచ్చాయి. వాడికి ఇంట్లో చప్పుడు ఉండకూడదు. మావారి ఫోను ఆయనతో ఫీల్డుకి పోతుంది. నా ఫోను వాడికి కావాలి. అత్తయ్యకి కరోనా భయం ఉండనే ఉంది. ఒకరోజు గుమ్మంలోనే పిల్లలతో చెప్పేశాను, "మా అన్నకి పరీక్షలు, అయ్యాక రండి" అని. సీతాఫలాల పిల్ల "సరే అక్కా" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

పది రోజులకి పరీక్షలైపోయాయి. వాళ్ళు రాలేదు. వస్తారులే అనుకున్నాను. సంక్రాంతి పిండివంటల్లో పడిపోయాను. నిజం చెప్పాలంటే, ఇల్లు ఖాళీగా ఉండడం కాస్త హాయిగానే అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళిన వారానికి పొద్దున్నే ముగ్గేస్తుంటే మిరపకాయ కోతకి పోయే ట్రాలీ ఆటో వెళ్ళింది. వెనకాల నిండా ఆడవాళ్ళు, తలకి తువ్వాళ్ళు. మధ్యలో ఈ పిల్ల. ఒళ్ళో తమ్ముడు. నన్ను చూసి చెయ్యి ఊపింది కూడా.

ఆ సాయంత్రం మావారిని బండి తీయమని గూడేనికి వెళ్ళాను. వాళ్ళమ్మ అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పిల్లని కూలికెందుకు తీసుకెళ్తున్నావని కొంచెం గట్టిగానే అడిగాను. ఆమెకి కోపం రాలేదు. "బడి లేకపాయె. మీ కాడికి వస్తుంటే సరే అనుకున్న. మీరు రావద్దన్నరంట గదమ్మా" అంది. "ఇంటికాడ ఒక్కతిని ఎట్ల ఉంచాలె? నా ఎంట వస్తే కండ్ల ముందు ఉంటది."

నాకు నోట మాట రాలేదు. పిల్ల చేతులు చూశాను. మిరప ఘాటుకి వేళ్ళు ఎర్రబడి మండుతున్నాయేమో, కుండ నీళ్ళలో ముంచి తీస్తోంది.

ఆ పిల్ల కూలికి పోవడానికి పేదరికం కారణం, కరోనా కారణం, అవన్నీ నిజమే. కానీ ఆ ఇంటికీ చదువుకీ మధ్య అప్పటికి మిగిలిన దారి ఒక ఫోను. అది నా చేతిలో ఉంది. నేను దాన్ని మూసేశాను. నా కొడుకు చదువు పోకూడదని చేశాను, అదీ నిజమే. ఏ తల్లయినా అంతే చేసేదేమో. అయినా ఆ ఎర్రటి వేళ్ళు నా కళ్ళ ముందు నుంచి పోవు.

ఆ మర్నాటి నుంచి వారానికి మూడు సాయంత్రాలు నేనే గూడేనికి వెళ్ళాను. అక్కడ సిగ్నలు లేదు. ఇంటి దగ్గరే పాఠాలు ఫోన్లో దింపుకుని వెళ్ళేదాన్ని. వేపచెట్టు కింద చాప, మధ్యలో నా ఫోను, చుట్టూ ఎనిమిది పదిమంది. "కొంచెం ఆపక్కా" మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఆపే పని కూడా ఆ పిల్లకే ఇచ్చాను. ఎక్కడ ఆపాలో నాకంటే ఆమెకే తెలుసు.

తమ్ముడి సంగతే తేలలేదు. పుస్తకం చూస్తే చాలు, మొహం తిప్పేసుకునేవాడు. నా తల ఊపు వాడికి గుర్తుండిపోయింది కాబోలు. ఒకరోజు తోచక ఫోన్లో రికార్డరు పెట్టి, "మీ అమ్మమ్మ చెప్పే కథ ఏదైనా మీ మాటలో చెప్పు" అని వాళ్ళక్కనడిగాను. ఎలుగుబంటి ఇప్పపూలు తిని మత్తెక్కి పడుకునే కథ చెప్పింది. నాకు రెండు మూడు మాటలు తప్ప అర్థం కాలేదు. తిరిగి వినిపించగానే చాప మీద ఎక్కడో చివర ఉన్నవాడు పాక్కుంటూ వచ్చి ఫోను మీద చెవి పెట్టాడు. ఆ డబ్బాలోంచి ఇన్నాళ్ళూ అందరి మాటలూ వచ్చాయి, వాళ్ళ ఇంటి మాట మొదటిసారి వచ్చింది. "మళ్ళ" అన్నాడు. నాకు తెలిసి వాడు నన్ను అడిగిన మొదటి మాట అదే. ఏడుసార్లు విన్నాడు.

ఆ కథని ముక్కలు ముక్కలుగా ఆపుతూ నేను, వాళ్ళక్క ఒక నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో కోయ మాటలు రాశాం. వాడు మొట్టమొదట చదివిన మాట "లోను".

నేనేదో గొప్ప పని చేశానని చెప్పడానికి ఇది రాయడం లేదు. అది జరిగింది రెండు నెలలు. ఫిబ్రవరి 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి బడి తెరిచారు. పిల్ల మళ్ళీ బడికెళ్ళింది. నెలకే మళ్ళీ మూశారు. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ఏడాది బడి తెరవనే లేదు. వాడి రెండో తరగతి అలాగే వెళ్ళిపోయింది. మన పిల్లలకి రెండో తరగతి అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ, గుణింతాలు, ఒత్తులు కుదురుకునేది అక్కడే. ఆ మెట్టు ఊడిపోతే పైమెట్లన్నీ వాడికి గోడలే.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చిన రోజుల్లో మా అద్దె ఇంట్లోకి నడుముల దాకా నీళ్ళొచ్చాయి. కరెంటు లేదు, సిగ్నలు లేదు. ఆ నోటుబుక్కు కూడా బురదలో పోయింది. ఎలుగుబంటి కథ మాత్రం నా ఫోన్లో మిగిలింది. ఆ తరవాతే మావారికి బదిలీ అయి ఖమ్మం వచ్చేశాం.

మా పెద్దమ్మ ఒకావిడ మహబూబ్‌నగర్ జిల్లాలో పెరిగింది. ఈ కథంతా చెబితే ఆవిడ నవ్వి, "మా ఊరికి 1975లోనే వచ్చింది ఆ పాఠాల టీవీ" అంది. నిజమే. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు పంపారు. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. కోళ్ళ గూడుకి కట్టే జాలీ లాంటి దానితో పెద్ద గొడుగు చేసి నిలబెట్టారట. "టీవీ చూసినప్పుడు ముచ్చటగా ఉండేది. అయిపోయినంక పంతులు మళ్ళ చెప్తే తెలిసేది" అంది పెద్దమ్మ. ఉపగ్రహం అయినా, ఫోనయినా, గోడ మీద బోర్డయినా సంగతి అక్కడే ఉంది కదా అనిపించింది. పాఠం ఎంత దూరం నుంచైనా రావచ్చు. దాన్ని ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి మాత్రం పిల్లవాడి పక్కనే ఉండాలి.

యంత్రాలొద్దనే మాట నేను అనను. ఆ గుండె బొమ్మ చూశాక మా పాప రాత్రి పడుకుని నా ఛాతీ మీద చెవి పెట్టి "ఇప్పుడు నీలం రంగుది వెళ్తోంది" అంది. సుద్దముక్క వంకాయ ఆ పని చెయ్యలేదు. 2025 నుంచి మన రాష్ట్రంలో కొన్ని సర్కారు ప్రాథమిక బడుల్లో, చదువులో వెనకబడిన పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఏఐ సాయంతో తెలుగు, లెక్కలు నేర్పిస్తున్నారు. విసుక్కోకుండా ఎన్నిసార్లయినా చెప్పే గుణం దానికి ఉంటే అది చిన్న సంగతేమీ కాదు. నేను కోరేది ఒక్కటే. దాని ముందు ఒక పిల్లవాడు ఇల్లు బొమ్మ చూసి "లోను" అంటే, అది నాలాగ తల అడ్డంగా ఊపకూడదు. ఒకవేళ ఊపితే, వెనకాల నిలబడిన టీచరు "ఆగు" అనాలి.

ఈ ముక్కోటికి రామయ్య దర్శనానికి భద్రాచలం వెళ్ళాం. సీతాఫలాల పిల్ల కిందటేడు పది పాసయింది. ఇప్పుడు ఇంటర్. ఆశ్రమ పాఠశాలలో ఉండి చదువుకుంది. కలుద్దామంటే తమ్ముణ్ణి తీసుకుని బస్టాండుకి వచ్చింది. నాకంటే పొడుగైంది. వాడు ఏడో తరగతి. మీసం రాబోతోంది. ఫోన్లో ఎలుగుబంటి కథ వినిపిస్తే సిగ్గుపడి అటు తిరిగాడు గానీ చివరి దాకా విన్నాడు. "మా బడిల కూడ పెద్ద బోర్డు ఉంది అక్కా. మా సారుది మా కోయోళ్ళే. మధ్యల మధ్యల ఆపి మా మాటల అడుగుతడు" అన్నాడు. ఆ సారుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వాళ్ళ ఊరి వైపు వెళ్ళే బస్సు వచ్చింది. "ఎక్కడిది రా అది? బోర్డు చూడు" అన్నాను. వాడు తలెత్తి చూశాడు. "దు... దుమ్... ము..." అని ఆగాడు. వాళ్ళక్క పెదవి కదిపింది గానీ చెప్పలేదు. నా నోటి చివరకి వచ్చింది, నేనూ చెప్పలేదు. "దుమ్ము... గూ... డెం" అన్నాడు.

అప్పటికి బస్సు కదిలిపోయింది. ఇంకోటి అరగంటకి ఉందన్నారు. ముగ్గురం నిలబడి పల్లీలు తిన్నాం.